మేస్త్రీగారి కాగితం రాజీనామా

ఆటోనగర్లో మాది బస్సు బాడీలు కట్టే షెడ్డు. మా ఆయన రేకుల దగ్గర, నేను కాగితాల దగ్గర. పాతికేళ్లుగా ఇదే పంపకం. పనివాళ్ల జీతాల్లోంచి పీఎఫ్ మినహాయించి, మా వాటా కలిపి కట్టేది నేనే. ఆ విషయంలో నాకు తెలియంది లేదని కొంచెం పొగరు కూడా ఉండేది.

మాలాంటి షెడ్లలో ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా పెద్ద ఖర్చు వచ్చిపడితే కాగితం మీద రాజీనామా రాయించేవాళ్లం. మనిషి ఎక్కడికీ పోడు. రోజూలాగే వస్తాడు, పని చేస్తాడు, జీతం చేతికి తీసుకుంటాడు. రికార్డులో మాత్రం మానేసినట్టు. రెండు నెలలు గడిచాక పీఎఫ్ డబ్బు, అందులో పెన్షన్ కోసం జమయ్యే వాటాతో సహా మొత్తం వచ్చేది. ఆ తర్వాత కొత్తగా చేరినట్టు రాసుకునేవాళ్లం. అది తప్పని నాకు ఏనాడూ అనిపించలేదు. ఎవరి డబ్బు వాళ్లకి ఇప్పిస్తున్నాం కదా అనుకునేదాన్ని.

ఈమధ్య మా పెయింటరు కూతుర్ని నర్సింగులో చేర్పించాలని, తనకూ అలాగే రాసిపెట్టమన్నాడు. సరేనన్నాను. తీరా చూస్తే రూలు మారిందట. పెన్షన్ వాటా ముట్టుకోవాలంటే ఉద్యోగం మానేసి మూడేళ్లు ఆగాలట. నాకు ఒళ్లు మండింది. ఆటో ఎక్కి గవర్నర్‌పేటలో మా పీఎఫ్ కాగితాలు చూసే కన్సల్టెంటు దగ్గరికి వెళ్లి, కూర్చోకముందే గవర్నమెంటుని తిట్టడం మొదలుపెట్టాను. కష్టపడ్డవాడి డబ్బు మీద వీళ్ల పెత్తనం ఏమిటన్నాను.

ఆయన నన్ను పూర్తిగా తిట్టనిచ్చి, టీ తెప్పించి, నిదానంగా చెప్పాడు. పెయింటరుకి ఫీజు వరకు అడ్వాన్సు తీసుకునే వీలుందట, దానికి రాజీనామాతో పనే లేదట. పెన్షన్ వాటా సంగతి వేరు. పదేళ్ల సర్వీసు ఉంటే యాభై ఎనిమిదో ఏటి నుంచి బతికినంతకాలం నెలనెలా పెన్షన్, ఆ తర్వాత భార్యకి. పదేళ్లు నిండకుండా ఆ వాటా తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోకి రాదు. మళ్లీ ఒకటో ఏడు నుంచి మొదలు.

"మీ పెయింటర్ని ఈ రూలే కాపాడిందండీ. ఇంతకుముందు ఇట్టా తీసుకున్నోళ్లెవరన్నా ఉన్నారా మేడం, మీ దగ్గర?" అని అడిగాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఉన్నారు. మా వెల్డింగు మేస్త్రీగారు.

ఆయనది కూచిపూడి దగ్గర పల్లెటూరు. అప్పట్లో ఇంటికి స్లాబు వేసుకోవాలన్నాడు. మా దగ్గర చేరి తొమ్మిదేళ్లయింది. ఇంటి కోసమైతే అప్పుడూ అడ్వాన్సు దొరికేది. కానీ రాజీనామా రాస్తే మొత్తం వస్తుందిగా అని సలహా ఇచ్చింది నేనే. పెన్షన్ వాటా తీసుకోడానికి పెట్టే రెండో ఫారం చూసి ఇదేంటమ్మా అని ఆయన అడిగాడు. నేనేదో హడావుడిలో ఉండి, సంతకం పెట్టండి మేస్త్రీగారూ, నేను చూసుకుంటాగా అన్నాను. పెట్టాడు. గృహప్రవేశానికి వెళ్లి, ఆ స్లాబు కింద పులిహోర తిని, నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగొచ్చాను.

కన్సల్టెంటు కంప్యూటర్లో చూశాడు. మళ్లీ చేరినప్పటి నుంచి ఎనిమిదేళ్ల చిల్లర. వచ్చే నెలతో మేస్త్రీగారికి యాభై ఎనిమిది నిండుతాయి. ఆ వయసు దాటాక చేసే సర్వీసు లెక్కలోకి రాదు కాబట్టి పెన్షన్ రాదు. ఇప్పుడు చేయగలిగిందేమైనా ఉందా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ లేదనే చెప్పాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊళ్లోవాళ్లను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ మందు నా చేత్తోనే వేశాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడుపొచ్చింది.

మేస్త్రీగారికి చూపు మందగించింది. ఈ మధ్య అతుకు సరిగా పడిందో లేదో వేలితో తడిమి చూసుకుంటున్నాడు. వచ్చే నెల పని మానేస్తానని, పెన్షన్‌తో గడిచిపోతుందని అందరికీ చెప్పుకున్నాడు. వాళ్లావిడకైతే నేనే చెప్పాను, మీకేం ఢోకా లేదని.

సాయంత్రం ఆయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన విని, వెల్డింగు చేసేటప్పుడు ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని మసి తుడిచాడు. నన్ను తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"అయితే పెయింటర్ రాజీనామా ఆగిపోయిందిగా అమ్మా. మంచిదే," అన్నాడు.

ఆ మాటకి ఇంకా సిగ్గేసింది. గబగబా చెప్పేశాను. మీకు రావాల్సిన పెన్షన్ ఎంతో కనుక్కుని నెలనెలా నేనే పంపిస్తానన్నాను. మా ఆయన కూడా కాదనరన్నాను.

మేస్త్రీగారు లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు.

"మీరిస్తారు, నాకు తెలుసమ్మా. మీరున్నన్నాళ్లూ ఇస్తారు. ఆనక మా ఆవిడ ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?"