తాతగారి దగ్గు

ఏడుపు సినిమాలకు పేరుపడ్డ దర్శకుడొకాయన ఉండేవాడు. మా వైపు ఆడవాళ్ళు ఆయన సినిమాకు వెళ్ళాలంటే రెండు చేతిరుమాళ్ళు పట్టుకెళ్ళేవారు. విశ్రాంతికి ముందొకటి, తర్వాతొకటి. ఆయన కథల్లో మొదటి మూడు రీళ్ళలో దగ్గినవాళ్ళు ఆఖరికి పోవాల్సిందే. తెనాలిలో పాలు పోసే ఆవిడకు కూడా ఆ సంగతి తెలుసు. అలాంటి మనిషి నెత్తి నెరిశాక ఓ తేలికపాటి హాస్యచిత్రం తీశాడు. డెబ్బైల్లో, నేను బాపట్లలో డిగ్రీ చదువుతున్న రోజులవి.

మొదట తెనాలిలో మా పిన్నితో చూశాను. తెర మీద తాతగారు మంచం మీద కూర్చుని ఖళ్ళుఖళ్ళున దగ్గగానే ఆడవాళ్ళ బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"అయిపోయాడమ్మా, పాపం."

"మనవరాలి పెళ్ళన్నా చూస్తాడంటావా వదినా?"

"ఈయన చూడనిస్తాడా ఏంటి!"

ఆ తాతకు జబ్బేమీ లేదు. కోడలు కాఫీ తేవడం ఆలస్యమైతే దగ్గుతాడు, గ్లాసు చేతికి రాగానే ఆపేస్తాడు. అంత స్పష్టంగా చూపించినా మావాళ్ళు నమ్మలేదు. నవ్వకుండా, బిగుసుకుపోయి, ఆ చావు కోసం కాచుక్కూర్చున్నారు. శుభం పడేసరికి తాత బతికే ఉన్నాడు. మా పిన్ని తడవని రుమాళ్ళు మడిచి బొడ్లో దోపుకుంటూ, "పోవాల్సిన మనిషిని ఉంచేశాడే, ఇదేం సినిమా?" అంది.

బాపట్లకు వచ్చేసరికి గుట్టు అందరికీ తెలిసిపోయింది. మా కాలేజీవాళ్ళు తాత నోరు తెరవకముందే పగలబడి నవ్వేవారు. వెనక నుంచి ఎవరో "కాఫీ!" అని అరిచేవారు. తర్వాత హాస్టల్లో ఎవరికి దగ్గొచ్చినా అదే అరుపు. నేను సెలవులకు రేపల్లె వెళ్తూ దాన్ని మా ఇంటికీ మోసుకెళ్ళాను.

నాన్న రేపల్లెలో బడిపంతులు. నేను వెళ్ళేసరికి దగ్గుతున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా కాల్చే చుట్ట తనంతట తనే మానేశాడని అమ్మ చెప్పింది. ఆ ఒక్క మాటకే నేను భయపడాల్సింది.

"కాఫీ ఇచ్చి చూడవే, ఆగిపోతుంది," అన్నాను.

నాన్న సినిమా కథంతా చెప్పించుకుని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"గుంటూరు పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకుందామండీ."

"ఇక్కడి డాక్టరు సిరప్ ఇచ్చాడుగా! నీకన్నీ ఏడుపు సినిమాలేనే అమ్మా," అని నేను ఎగిరాను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. చదువుకున్నదాన్ని కదా! ఆ సినిమా మన ఊరొచ్చాక చూసి అప్పుడు వెళ్దామన్నాడు నాన్న. నేను సరేనన్నాను. అమ్మ సిరప్ సీసా అందుకుంది.

మూడు వారాలకు వచ్చింది సినిమా. మ్యాట్నీకి వెళ్ళాం. ఆ హాల్లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. నాన్న అటు, మేము ఇటు. తాత దగ్గాడు, హాలంతా నవ్వింది. తాతకు కాఫీ వచ్చింది, దగ్గు ఆగింది. సరిగ్గా అప్పుడు గోడకు అవతల దగ్గు మొదలైంది.

"మాస్టారికి కాఫీ పట్రండిరా!" అని ఎవరో అరిచారు. నాన్న దగ్గర చదువుకున్నవాడే అయ్యుంటాడు. మళ్ళీ నవ్వులు.

"నాన్న భలే చేస్తున్నాడే!" అని నేనూ పడీపడీ నవ్వాను.

అమ్మ తెర వైపు చూడటంలేదు. గోడకేసి చూస్తోంది. దగ్గు ఆగలేదు. ముందు నాన్న పక్క బెంచీలో నవ్వు ఆగింది, తర్వాత దాని వెనక బెంచీలో. చివరికి తెర మీదివాళ్ళు మాత్రమే నవ్వుతున్నారు. నా వెనక ఒకావిడ నెమ్మదిగా, "పాపం," అంది. తెనాలిలో విన్న గొంతే అనిపించింది.

అమ్మ లేచి గోడ దాకా వెళ్ళి చెయ్యి చాపింది. నాన్న తువ్వాలు నోటికి అదుముకుని బయటికి నడిచాడు. వరండాలో దాన్ని మడిచి వెనక్కి దాచబోతే అమ్మ లాక్కుంది. అందులో ఎర్రగా ఉన్నది నేనూ చూశాను.

మర్నాడు పొద్దున్నే గుంటూరు బయల్దేరాం. రైల్లో నాన్న, "చివరిదాకా చూడలేదు. ఆ తాత బతుకుతాడన్నావు కదూ?" అని అడిగాడు.

"బతుకుతాడు నాన్నా."

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఇది ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాడు.

అమ్మ నా వైపు చూడకుండానే, "ఈమధ్యేనండి," అంది.

కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాన్న మళ్ళీ దగ్గాడు.