వీధి కుక్క అని రాయించాను

పదకొండేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. బయటికి చెబితే మూడే మాటలు. నా పేరు అడక్కండి. పేరు పెట్టి రాస్తే మళ్లీ తెలివిగా రాయడం మొదలుపెడతాను.

విజయవాడలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా పనిచేశాను. దెబ్బలు తగిలినవాళ్ల నష్టపరిహారం కేసులే ఎక్కువ. ఆస్పత్రిలో రాసే మొదటి చీటీ మీదే కేసు నిలుస్తుందని వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పేవాణ్ని.

నాగమణి మల్లెపూలు కట్టి అమ్ముకునేది. పొద్దున్నే మా గేటు దగ్గరికొచ్చి మూర పూలు ఇచ్చి వెళ్లేది. ఆ గేటు గడియ ఊడిపోయి నెలయింది. మా ఆవిడ రోజూ గుర్తుచేసేది, నేను రేపనేవాణ్ని. ఒకరోజు మా కుక్క రాజా గేటు తోసుకుని వెళ్లి ఆమె కుడిచేతి బొటనవేలి దగ్గర గట్టిగా కరిచింది. నేనే స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లాను. వీధిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

చీటీ రాసేచోట అడిగారు, పెంపుడు కుక్కా, వీధి కుక్కా అని.

"వీధి కుక్కండి," అన్నాను.

ఏమీ ఆలోచించకుండా అనేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆ ఒక్క క్షణంలో ఊడిన గడియ, ప్రతివాదిగా నా పేరు, వకీలు గారి ముందు నా మొహం అన్నీ వరసగా కనిపించాయి. అంత చూసినవాణ్ని ఆలోచించలేదని ఎలా అనను?

నాగమణి నావైపు చూసింది. బయటికొచ్చాక అడిగింది.

"అట్టా చెప్పారేంటండి? కరిచింది మీ రాజానే కదా."

"ఏ కుక్కయినా అవే ఇంజెక్షన్లు నాగమణీ. పెంపుడుదంటే పోలీసులు, కోర్టులు. నువ్వు తిరగలేవు."

"మీకు తెలీందేముందండి. మీరు చెప్తే సరే."

ఇంజెక్షన్లన్నీ దగ్గరుండి వేయించాను. గాయం మానింది గానీ బొటనవేలు వంగలేదు. అది వంగకపోతే పూలు కట్టడం కుదరదు. కొన్నాళ్లకు, కుక్క కరిస్తే పరిహారం ఇప్పిస్తారట అని ఎవరో చెబితే, ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి వెళుతుంది? చట్టం తెలిసినవాణ్ని నేనే కదా. చీటీలో వీధి కుక్క అని ఉంది, ఎవరి మీద వేస్తాం అన్నాను. నా గొంతు వణకలేదు. ఆమె చీటీ మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

మొదటిది భయమనుకుందాం. మరి ఈ రెండోదాన్ని ఏమనాలి? దానికి నా దగ్గర పేరు లేదు.

రాజా పోయి చాలాకాలమైంది. కేసు వేసే గడువూ దాటిపోయింది. నాగమణి ఇప్పుడు విడిపూలు అమ్ముతుంది. మా ఆవిడ కొనుక్కొచ్చి ఇంట్లో కట్టుకుంటుంది. నేను ఆ పక్కనే కూర్చుని పేపరు చదువుతాను, ఆ వేళ్లు చూడకుండా.

నాగమణి కాళ్లమీద పడి చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏం చెప్పను? ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలియనిది కాగితానికే. అందుకే కాగితం మీదే రాస్తున్నాను.

ఆ కుక్క నాది.