సీమసారా రుచి చూసిన సాయంత్రం

కోటబొమ్మాళికి అవతల జీడితోటల్లో, మద్యనిషేధం ఉన్న రోజుల్లోనే, చాటుగా బెల్లం ఊట కాచేవారు. ఆ సారా మంచిచెడ్డలు నా పెనిమిటి ముక్కే చెప్పేది. కుండ అడుగంటబోతుంటే దూరం నుంచే పసిగట్టి మంట లాగేసేవాడు. దిగిన సారా కొంచెం అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసి బాగుందంటేనే డబ్బాల్లోకి పోసేవారు. సెంటు భూమి లేని మాకు అదే బతుకు.

ఒక ఏడాది వానల్లో ఆయనకు విషజ్వరం వచ్చి తగ్గింది. తరవాత కూర మాడినా ఆయన ఏమీ అనలేదు. జలుబనుకున్నాం. చలికాలం వచ్చినా జలుబు పోలేదు.

అప్పుడే విశాఖ రేవులో పనిచేసే మా తమ్ముడు, ఓడలో వంటవాడు ఇచ్చాడంటూ సగం సీసా సీమసారా తెచ్చాడు. నాకప్పటికి అక్షరాలు రావు. సీసా మీద రాతలు వదిలేసి రంగు చూశాను. లేత బెల్లం పాకంలా ఉంది.

"మూత తియ్యప్పా. సచ్చినోడైనా లేస్తాడు," అన్నాడు తమ్ముడు నాతో.

తీయగానే ఇల్లంతా పొగ వాసన. తడి గడ్డి కాలినట్టు, ఆసుపత్రిలో పుండుకు రాసే మందులా. నాలిక మీద కొంచెం వేసుకున్నాను. ముందు మంట, తరవాత ఉప్పన, ఎక్కడో అడుగున తీపి. మింగాక కూడా గొంతులో బూడిద వాసన పోలేదు. మా లెక్కన అది మాడిన సరుకు.

"పొగే దీని గొప్ప. దొరలు ఏరుకుని తాగుతారు," అన్నాడు తమ్ముడు.

ఇంత ఘాటు కూడా తెలియకపోతే ఇక మా ఆయనకు ఆ ముక్కు లేనట్టే అనుకున్నాను. అంతలో ఆయన పెరట్లోంచి వచ్చాడు.

"బావా, ఇదెలాగున్నాదో సెప్పు."

ఆయన అలవాటుగా అరచేతిలో పోసుకుని రుద్దాడు. కళ్లు మూసుకుని పీల్చాడు. సీసా రంగు కేసి ఒకసారి చూశాడు.

"కొత్త బెల్లంరా. బాగా దిగినాది."

తమ్ముడు పకపకా నవ్వాడు. "ఇల్లు కాలిపోతన్నట్టుంటే బెల్లమంటావేటి బావా!" నా ముఖం చూసి ఆగిపోయాడు.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పే. ఏటి వాసనొస్తన్నాది?"

"పొగ, మావా."

రెండు చేతులూ ముఖానికి కప్పుకుని మళ్లీ పీల్చాడు. చాలాసేపు తీయలేదు.

"అయితే నా కుండ మాడిపోతన్నా నాకు తెలీదన్నమాట."

"మళ్లా వస్తాది బావా," అన్నాడు తమ్ముడు. ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు తోటకు వెళ్లి, ఇంకెవరినైనా చూసుకోమని తనే చెప్పి వచ్చాడు. ఆ తరవాత నేను ఏది వండి పెట్టినా, అడగకుండానే, బాగుందని తినేవాడు.