నర్సక్క నీలిమందు

కళ్లజోడు పెట్టుకోగానే కొత్త రబ్బరు వాసన వచ్చింది. మా కాలేజీకి వచ్చిన కొత్త యంత్రం అది. ఎదుట బల్ల మీద ప్లాస్టిక్ గర్భిణి. ఆ కళ్లజోడులోంచి చూస్తే ఆమె కడుపు మీద వెలుగుతో గీసిన శిశువు తేలుతూ కనిపిస్తోంది. లోపలిది పైన కనిపించడం మా విద్యార్థులకు వింతగా ఉంది. నాకు షోలాపూర్ గుర్తొచ్చింది. ఎనభైల చివర్లోనే అక్కడ ఈ పని జరిగేది, బట్టలకు పెట్టే నీలిమందుతో.

కుమఠా నాకా దగ్గర మరమగ్గాల సందులో చిన్న ప్రసూతి కేంద్రం ఉండేది. ఆ మగ్గాల మోతలో శిశువు గుండె చప్పుడు వినాలంటే కరెంటు పోయేదాకా ఆగాలి. దాన్ని నడిపే నర్సును పేటంతా నర్సక్క అనేది. నేను జోడ్‌భావి పేట్ తెలుగు నేతగాడి కొడుకును, అప్పుడు డాక్టరు చదువు మూడో ఏడు. కాలేజీలో కాన్పు నేర్పే బొమ్మ గాజు బీరువాలో భద్రంగా ఉండేది. తాళం ఎక్కడుందో తెలిసిన గుమాస్తా రిటైరయ్యాడు. అందుకని సెలవుల్లో నర్సక్క దగ్గర చేరాను.

ఆమె గర్భిణి పొట్ట తడిమి, పుల్లకు దూది చుట్టి నీలిమందులో ముంచి, లోపల బిడ్డ ఎలా ఉందో చర్మం మీద గీసేది. తర్వాత నా వంతు. నా మొదటి బొమ్మ చూసి ఒకావిడ ఇది పిల్లనా, వంకాయనా అని అడిగింది. నర్సక్క నవ్వలేదు. "వంకాయకైనా తల ఏ దిక్కున్నదో తెల్వాలె, డాక్టర్ సాబ్" అంది.

ఒకరోజు పద్మ అనే బీడీలు చుట్టే అమ్మాయి అత్తతో వచ్చింది. తొలిచూలు, నెలలు నిండాయి. కాన్పు ఇంట్లోనే అని అత్త తీర్మానం. తాను చేయి పెట్టి చూశానని, పిల్ల సీదాగానే ఉందని చెప్పింది. సీదా అంటే అంతా సవ్యమే కదా అని, తడిమినట్టు నటించి తల కిందికి పెట్టి గీసేశాను. బొమ్మ బాగా కుదిరింది కూడా.

నర్సక్క దాన్ని చూడకుండా పద్మను అడిగింది. "ఏడ తంతుంది బిడ్డా?"

"కింద. ఉచ్చ ఆగుతలేదక్కా."

నర్సక్క నా చేయి పట్టి పద్మ పక్కటెముకల కింద పెట్టింది. గుండ్రంగా, గట్టిగా తగిలింది. తల. తడి దూదితో నా బొమ్మ తుడిచి, తల పైకి పెట్టి మళ్లీ గీసింది.

అత్త సంబరపడింది. "గదే గద నేన్జెప్పింది. సీదా కూసున్నది."

"కడుపుల ఉల్టా ఉంటెనే సీదా, పెద్దమ్మా. గిట్ల కూసుంటే కాళ్లు ముందొస్తయి, తల ఎన్క చిక్కుతది. ఇంట్ల కాన్పు వద్దు."

అత్త ఆ నీలం బొమ్మ మీదికి వంగింది. బొమ్మ కాళ్ల నుంచి మెడ దాకా వేలు పోనిచ్చి, మెడ దగ్గర ఆపింది. తర్వాత వాకిట్లో ఉన్న కొడుకును కేకేసి, "రిక్షా బోలవ్" అని రిక్షా పిలవడానికి పంపింది.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. కబురు తెచ్చినవాడు తల్లీ పిల్లా బాగున్నారన్నాడు. నర్సక్క నన్ను తిట్టలేదు. తిడితే నా తప్పు ఆ రోజుతో పోయేది.

నర్సక్క కూడా నా బొమ్మను నమ్మి ఉంటే పద్మ కాన్పుకు ఇంటికే వెళ్లేది. ఇప్పటికీ ఎవరైనా అంతా సీదాగానే ఉందంటే నా చేయి ముందుకు పోదు. ముందు ఆ పడుకున్న మనిషినే అడుగుతాను, ఎక్కడ తంతోందని.