అట్ట మీద కీబోర్డు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో మా హైటెక్ సిటీ ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు కూడా విడిపోయాయి. కోస్తా వాళ్లదొకటి, తెలంగాణ వాళ్లదొకటి. నేను కోస్తా వాణ్ని. ప్రత్యేక రాష్ట్రం న్యాయమైన కోరికేనని కనబడిన ప్రతివాడితోనూ వాదించేవాణ్ని. మావాళ్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. రెండో బల్ల దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. చివరికి పాత కంప్యూటర్లు పేర్చిన స్టోర్ రూములో ఒక్కణ్నే టిఫిన్ డబ్బా విప్పుకునేవాణ్ని.

ఆ కంప్యూటర్లను ఆఫ్రికాలో బడులకు దానం చేస్తారట. వాటిలోని సమాచారం చెరిపే పని నాది. నేను తినే వేళకి గది ఊడవడానికి వచ్చే పాలమూరు ఆమె ఒక్కతే నాతో మాట్లాడేది.

"ఇవన్నీ యాడికి పోతయి సార్?"

"పేద దేశాలకమ్మా."

"మరి మా ఊరు ఏ దేశంల ఉన్నది?" అని నవ్వింది.

వారం తర్వాత ఊరికి పోయి వస్తూ ఒక అట్ట తెచ్చింది. చీర పెట్టె మూత. తొమ్మిదో తరగతి చదివే ఆమె కూతురి బళ్లో కంప్యూటర్ లేదు. సారు బోర్డు మీద గీసిన కీబోర్డును ఆ పిల్ల స్కెచ్ పెన్నుతో అట్ట మీదకి దించుకుంది. రోజూ దాని మీదే టైపు నేర్చుకునేది. వేళ్లు పడీ పడీ మధ్య వరసలో అక్షరాలు చెదిరిపోయాయి.

"ఇది పెద్దసార్లకు చూపియ్యుండ్రి. ఒక్కటంటే ఒక్కటి మా బడికి ఇయ్యమనుండ్రి. మీకు మాట్లాడ వస్తది గద."

వచ్చు. అదే నా గర్వం. చదువుకునే రోజుల్లో ముహూర్తాలకు, బాబాలకు వ్యతిరేకంగా వేదికలెక్కి వాదించి గెలిచినవాణ్ని.

కంప్యూటర్ల దానం గురించి పెట్టిన ఆఫీసు మీటింగులో లేచాను. అట్ట ఫైల్లోనే ఉంది. తియ్యలేదు. జాలి చూపించి అడగడం వాదన కాదని నా సిద్ధాంతం.

"మనకు పనికిరానిది పేదవాడి ముఖాన పారేసి దాన్ని దానమంటారా? వట్టిపోయిన ఆవును దానమిచ్చి పుణ్యం మూటగట్టుకునే వాడికీ మనకూ తేడా ఏమిటి? బాగుచేసి ఇవ్వండి, లేదా మానుకోండి!"

రెండు బల్లల వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఎన్నో నెలల తర్వాత నలుగురిలో ఉన్నట్టనిపించింది.

మేనేజరు తలూపాడు. "కరెక్టేనండి. బాగుచేయించే తీరిక మనకెక్కడిది? అన్నీ తుక్కుకి ఇచ్చేద్దాం."

"ఒక్కటి మాత్రం ఇక్కడ ఒక బడికి..." అన్నాను.

"ఇవ్వొద్దని మీరే అన్నారు కదండీ!"

అందరూ నవ్వారు. అప్పుడైనా ఫైలు తెరవాల్సింది. నేనూ నవ్వాను.

బంద్ ముగిసిన మర్నాడు తుక్కు లారీ వచ్చింది. చివరి మానిటర్ ఎక్కేదాకా ఆమె చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"మాట్లాడిన్రా సార్?"

"మాట్లాడానమ్మా."

"అట్ట చూపిచ్చిన్రా?"

నేను లారీ వైపు చూశాను.

"పోనియ్యుండ్రి. ఆ అట్టన్న ఇయ్యుండ్రి. పిల్ల ఫోన్ల అడుగుతున్నది."

ఇచ్చాను. కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నేను టిఫిన్ డబ్బాతో వెళ్లేసరికి ఆ గది ఊడ్చేసి ఉండేది.