సెలైన్ పెట్టి తప్పించుకునే డాక్టరుకు ప్రభువు నేర్పిన వైద్యం

ప్రభువులో నా తోబుట్టువులారా, జహీరాబాదులో ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ తెలిసిన డాక్టరును నేను, జ్వరమొచ్చినా దగ్గొచ్చినా నా దగ్గరికే వస్తారు, కానీ ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని చీకటి ఒకటి నాలో ఉండేది, చనిపోబోయే మనిషిని చూస్తే నాకు భయం! జబ్బు నయం కాదని తెలిశాక ఆ ఇంటికి వెళ్లాలంటే కాళ్లు వచ్చేవి కావు. ఇంటివాళ్లు "ఏదన్న చెయ్యి సారూ" అని బతిమాలితే గోడకున్న మేకుకు సెలైన్ సీసా తగిలించి, మంచం కాళ్ల దగ్గర నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసి, చెప్పులు వేసుకునేవాణ్ణి. సీసా వేలాడుతుంటే వాళ్లకు తృప్తి, బయటపడటానికి నాకో సాకు.

కోహీరులో మా చిన్నప్పటి సండేస్కూలు టీచరమ్మ సుగుణమ్మ ఉండేది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి, సహోదరులారా! ఆరాధన అయ్యాక వాకిట్లో చాప పరచి మమ్మల్ని కూర్చోబెట్టేది, కంఠత వాక్యం తప్పులేకుండా చెప్పినవాళ్లకు పెరట్లోని జామపండు, తప్పినవాళ్లకు సగం పండు, ఎవరినీ వట్టి చేతులతో పంపేది కాదు, నాకు ఎప్పుడూ సగమే! లోపల జొన్నరొట్టెలు కాలుస్తూనే మా తప్పులు దిద్దేది, ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ టీచరమ్మకు ముసలితనంలో క్యాన్సరు వచ్చి ఎముకల దాకా పాకింది, ఇంక చేసేదేమీ లేదని పెద్ద దవాఖానవాళ్లు ఇంటికి పంపేశారు. ఆమె కోడలు రూతు పిలిస్తే వెళ్లాను, సెలైన్ పెట్టాను, గొంతెత్తి ప్రార్థన చేశాను, గడప దాటబోతుంటే టీచరమ్మ పిలిచింది.

"బిడ్డా దానియేలూ, ప్రార్థన మంచిగనే చేసినవ్. గని నొప్పి ఎట్లున్నదని ఒక్కపారన్న అడగకపోతివి."

కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి, ఆమె కోప్పడలేదు. కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ప్రభువా, నాకు భయమైతున్నది, ఆమె నొప్పికి ఏం చెయ్యాల్నో తెల్వది, తెల్వదని చెప్పనీకె సిగ్గైతున్నది, నువ్వే నాకు నేర్పు" అని ప్రార్థించాను. డాక్టరునయ్యాక తెలియదని ఒప్పుకుని చేసిన మొదటి ప్రార్థన అదే.

దేవుడు ఎట్లా జవాబిచ్చాడో వినండి! ఆ మర్నాడే నాతో చదువుకున్న స్నేహితుడు ఫోన్ చేశాడు, మాలాంటి కుటుంబ వైద్యులకు హైదరాబాదులో నాలుగు రోజుల శిక్షణ ఉందట, నయంకాని జబ్బున్నవాళ్ల బాధ తగ్గించి చివరిదాకా తోడుండే వైద్యమట, పాలియేటివ్ కేర్ అంటారట. యాభై ఎనిమిదేళ్ల వయసులో నా కూతురి ఈడు డాక్టరమ్మ ముందు కూర్చుని నోట్సు రాసుకున్నాను. ఆమె మొదట నేర్పింది మందుల గురించి కాదు, మంచం పక్కన కూర్చోవడం గురించి! నొప్పి ఎక్కడ, పదికి ఎంత అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగమంది. చివరి రోజుల్లో ఎక్కించే సెలైనుతో ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుందని చెప్పినప్పుడు తల దించుకున్నాను. నేను సీసా పెట్టి వచ్చేసిన ఇళ్లన్నీ గుర్తొచ్చాయి.

ఆ శిక్షణ ఇచ్చిన దవాఖాన నుంచే గట్టి నొప్పిని తగ్గించే మార్ఫిన్ గోలీల ఏర్పాటు చేసుకుని కోహీరుకు బయలుదేరాను. నేను వచ్చేసరికి ఆమె ఉంటుందో ఉండదో అని దారంతా ఒకటే గుబులు. ఉంది, దేవునికి స్తోత్రం! పక్కన కూర్చుని అడిగాను.

"టీచరమ్మా, నొప్పి పదికి ఎంత?"

"పదకొండు" అని నవ్వబోయి మూలిగింది.

రూతుకు అనుమానం. "సారూ, గీ మందు అలవాటైతే ఎట్ల? విశ్వాసులం గద, జర ఓర్సుకోవద్దా?"

నేను నోరు తెరిచేలోపే టీచరమ్మ అందుకుంది. "ఓర్సుకున్నది సాలు, గోలి ఇయ్యి!"

వేళ తప్పకుండా గోలి, దానితో మలబద్ధకం రాకుండా మరో మందు, మూడో రోజుకు పదకొండు కాస్తా రెండయింది! పాలల్లో నానేసిన రొట్టె అడిగి తిన్నది. ఏడు వారాలు బతికింది, ప్రతి ఆదివారం మంచం వాకిట్లో వేయించుకుని నాతో పాత కంఠత వాక్యాలు చెప్పించింది, నేను అప్పటిలాగే తప్పులు చెప్పాను, ఆమె అప్పటిలాగే దిద్దింది.

సహోదరులారా, ఆమెకు స్వస్థత కలగలేదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకునే వెళ్లిపోయింది. అయినా దీన్ని విడుదల సాక్ష్యమనే చెబుతున్నాను, ఎందుకంటే ముప్పై ఏళ్ల భయం నుంచి ప్రభువు నన్ను విడిపించాడు! ఇప్పుడు ఝరాసంగం వెళ్తున్నాను, రాయికోడ్ వెళ్తున్నాను, పిలిస్తే చాలు వెళ్తున్నాను, నయం చేయలేనని తెలిసే వెళ్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా బాధలో ఉంటే భయపడి దూరం జరగకండి, మనం నమ్మిన తండ్రి మనకంటే ముందే ఆ మంచం దగ్గర ఉన్నాడు, ఆయన మీద ఆనుకోండి, మహిమంతా ఆయనదే! పోయే ముందు రోజు టీచరమ్మ నా తలమీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థన మీకు చెప్పి కూర్చుంటాను:

"తండ్రీ, వీడు నన్ను ఇడిసిపెట్టి పోలె. రేపు వీని ఆఖరి దినమొస్తే, నువ్వు గూడ వీన్ని ఇడిసిపెట్టకు. ఆమెన్."