ఫ్రీగా పెట్టిన కత్తి

నర్సీపట్నంలో బలిఘట్టం రోడ్డు మీద దయాకర్ బాబు ఫ్లెక్స్ షాపు ఉంది. ఆయన తెల్లగా చెయ్యని నల్లమొహం ఊళ్లో లేదు. ఆయన కంప్యూటర్లో పడితే కొయ్యూరు కొండ కూడా కళ్లజోడు పెట్టుకుని హీరోలా నిలబడాల్సిందే. ఈ పదిహేనేళ్లలో ఆయన కొట్టిన ఫ్లెక్సులు కలిపి కుడితే ఊరంతటికీ పందిరి వెయ్యొచ్చు.

కుర్రాళ్ల పుట్టినరోజు ఫ్లెక్సుకి ఒక పద్ధతుంది. పైన పుట్టినరోజువాడు నిలువెత్తున, కింద వరసలో పన్నెండు మంది స్నేహితుల చిన్న బొమ్మలు. ఈమధ్య చేతిలో కత్తి కూడా ఉండాలంటున్నారు. దయాకర్ బాబు అది ఫ్రీగా పెట్టేవాడు. ఉన్నది ఒకటే కత్తి బొమ్మ. అదే వందమంది చేతుల్లోకి ఎక్కింది.

పోయిన నెల ఐటీఐ చదివే జోగులు చేతిలోకీ ఎక్కింది. ఫ్లెక్స్ కట్టిన మూడోరోజు అవతలి వీధివాళ్లు దాన్ని చింపారు. అడగడానికి జోగులు వట్టి చేతులతో వెళ్లాడు. బొమ్మలో కత్తి చూసినవాళ్లు అతను వట్టి చేతులతో వస్తాడంటే నమ్మలేదు. నిజం కత్తి తెచ్చుకున్నారు. జోగులు ఇంటికి తిరిగి రాలేదు.

అప్పట్నుంచి దయాకర్ బాబుకి ఏడుపు లేదు, భయం లేదు. భార్య షర్మిల పెట్టింది తింటాడు, ఏం తిన్నావంటే చెప్పలేడు. చర్చిలో అందరూ కూర్చున్నాక కూడా నిలబడే ఉంటాడు. టీ గ్లాసులో మీగడ కట్టి, దానిమీద ఈగ తీరిగ్గా షికారు చేస్తుంటే చూస్తూ కూర్చుంటాడు.

పదకొండోరోజు పొద్దున్న జోగులు స్నేహితులు షాపు మీదికి వచ్చిపడ్డారు. ముందు వెంకటరమణ.

“బాబాయ్, జోగులుగాడి ఫ్లెక్స్ బేగి కొట్టియ్యి. అదే ఫోటో, అదే కత్తి. కింద మా పన్నెండు మందికీ తలో కత్తి. ‘బదులు తీర్చుకుంటాం’ అని ఎర్రగా రాయి.”

అది సెంటర్లో లేస్తే సాయంత్రానికి ఇంకో శవం లేస్తుందని దయాకర్ బాబుకి తెలుసు. తెలిసినా గుండె అదరలేదు. నోరు మాత్రం దానంతటదే కదిలింది.

“కొడతాను. కింద ఎవుడి బొమ్మ ఉంటాదో ఆడి అమ్మ వొచ్చి సరేననాల.”

“ఏటి బాబాయ్, ఫ్లెక్సుకి పేరెంట్స్ మీటింగా?” అని ఒకడు కిసుక్కున నవ్వాడు.

“ఇయ్యకపోతే షాపే ఉండదు, సూసుకో,” అన్నాడు వెంకటరమణ.

“ఉండకపోతే మానీ,” అన్నాడు దయాకర్ బాబు. బెదిరింపు తగిలే చోటు ఆయనలో మిగల్లేదు.

ఆ ఊళ్లో మాట మైకు కంటే ముందు చేరుతుంది. జోగులు తల్లి సింహాద్రమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. కంప్యూటర్లో తెరిచి ఉన్న పాత ఫ్లెక్సులో, కత్తి పట్టుకున్న కొడుకుని చూసింది.

“ఇంట్లో కత్తిపీటంటేనే ఆడికి బయ్యం. ఆ కత్తి ఎక్కడిది బాబూ?”

“నానే పెట్టానమ్మా.”

ఆవిడ తిట్టలేదు. “తీసీ,” అంది.

ఒక్క నొక్కు. కత్తి పోయింది. దాని కింద దాక్కున్న అసలు ఫోటో బయటపడింది. ఉపమాక తీర్థంలో, తిరునాళ్ల జనం మధ్య, చెరుకు గెడ పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి జోగులు.

“ఇదే కొట్టు.”

“చెరుకు గెడేటమ్మా? అందరూ నవ్వుతారు,” అన్నాడు వెంకటరమణ.

“నవ్వనీ. ఆడూ నవ్వతన్నాడు గదా.” ఆవిడ అతని వైపు తిరిగింది. “మీయమ్మని పిలమంటావేటి?”

వెంకటరమణ తెర మీద కింది వరసలో ఉన్న తన బొమ్మ మీద వేలు పెట్టాడు.

“నా బొమ్మ తీసీ బాబాయ్.”

తర్వాత ఇంకొకడు. మిగతావాళ్లు తలలూపారు. ఫ్లెక్స్ మీద జోగులు ఒక్కడే మిగిలాడు. వాళ్లే పట్టుకెళ్లి కట్టారు.

మధ్యాహ్నం ఎవడో కొత్త కుర్రాడు వచ్చాడు. “పుట్టినరోజు ఫ్లెక్స్ బాబాయ్. కత్తి ఫ్రీయే కదా?”

“కత్తులు అయిపోయాయి,” అన్నాడు దయాకర్ బాబు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “మీయమ్మ వొచ్చిందా?”